అత్తగారి ఎడమ చెంప

పొద్దున్నే టీ తాగుతుండగా బురుల్ తను తీసిన ఫొటోని అత్తగారు కెంజెకాన్ చేతిలో పెట్టింది. ఆదివారం ఆవిడ డెబ్బయ్యో పుట్టినరోజు విందు. నారిన్ పట్టణంలోని వాళ్ళింటికి వచ్చే బంధువులకు గుమ్మంలోనే కనపడేలా అమ్మ ఫొటో పెద్దది పెట్టాలని బురుల్ భర్త ఎర్మెక్ ముచ్చటపడ్డాడు.

ఫొటోలు తియ్యడంలో బురుల్‌కి ఆ ఊళ్ళో మంచి పేరుంది. కెమెరా పట్టకముందు ఆమె అమ్మమ్మ దగ్గర ఉన్ని తివాచీలు కుట్టడం నేర్చుకుంది. తెల్లదీ నల్లదీ రెండు కంబళ్ళు ఒకదానిమీద ఒకటి పరిచి, పొట్టేలు కొమ్ముల ముగ్గు ఒకేసారి కోసి, దీని ముక్క దాంట్లో, దాని ముక్క దీంట్లో పొదిగేవాళ్ళు. పీలిక కూడా వృథా అయ్యేది కాదు. వెలుగునీ నీడనీ సమానంగా చూడడం అక్కడే అబ్బింది. ఆమె ఫ్లాష్ వాడదు. మనిషిని కిటికీ పక్కన కూర్చోబెట్టి, కబుర్లు చెబుతూ, కెమెరా సంగతి వాళ్ళు మరిచేదాకా ఆగుతుంది.

ఇదీ అలా తీసిందే. కుడి చెంప మీద మెత్తటి వెలుగు పడింది. ఎడమవైపంతా చీకటి. కిందటి చలికాలం వచ్చిన పక్షవాతానికి ఆ చెంప జారి, పెదవి వంకర తిరిగింది.

కెంజెకాన్ చాలాసేపు చూసి ఫొటోని బోర్లించేసింది. అమ్మ పదేళ్ళు చిన్నదానిలా ఉందని ఎర్మెక్ మురిసిపోయాడు. ఆవిడ మాత్రం విందే వద్దంది. కొడుకు బతిమాలాడు, విసుక్కున్నాడు, చివరికి ఏం చేసినా నీకు నచ్చదని కసిరి పనికి వెళ్ళిపోయాడు.

గిన్నెలు తీస్తున్న బురుల్ ఉండబట్టలేక అడిగింది. "నేనేం తప్పు చేశాను అత్తయ్యా?"

"జబ్బు చేసినప్పట్నుంచీ అందరూ నా కుడివైపే చూసి మాట్లాడుతున్నారు," అంది ఆవిడ, మాట ముద్దముద్దగా. "వాడూ అంతే. తినిపించినా, మూతి తుడిచినా నువ్వొక్కదానివే తిన్నగా చూశావు. నీక్కూడా దాచాలనిపించిందా?"

అత్తగారు నొచ్చుకోకూడదనే అలా తీశానని చెప్పబోయి బురుల్ ఆగిపోయింది. అది నిజం కాదు. బంధువులు ఏమంటారోనని బెదిరింది తనే. మొహం మీద మచ్చలూ ముడతలూ చెరపనని పెళ్ళివాళ్ళతో పోట్లాడే మనిషి, సొంతింటికొచ్చేసరికి నీడని గుడ్డలా కప్పింది.

"అనిపించింది," అంది తలొంచుకుని. "తప్పు నాదే."

కెంజెకాన్ గోడ పట్టుకుని లేచి, తనే వెళ్ళి కిటికీకి ఎదురుగా కూర్చుంది. మొహమంతా వెలుగు పడింది.

"ఆదివారానికల్లా గుమ్మంలో పెట్టగలవా?"

పెట్టగలనంటూ బురుల్ పరుగున కెమెరా తెచ్చింది. ఈసారి కబుర్లేమీ చెప్పలేదు. ఆవిడ నవ్వబోతే పెదవి ఒకవైపే కదిలింది. రెండోవైపు దాని మానాన అది ఉండిపోయింది. ఆవిడ దాన్ని దాచుకోలేదు. చూస్తుండగానే బురుల్ కళ్ళ ముందు అంతా అలుక్కుపోయింది.

"ఏమిటే ఆలస్యం?"

"కనపడట్లేదు అత్తయ్యా."

"కళ్ళు తుడుచుకుని నిదానంగా తియ్యి. నేనెక్కడికీ పోను."