సముద్రం మీద దొంగనొప్పులు

"మీ డిపార్ట్‌మెంట్ మొత్తంలో కడుపుతో లేని మనిషి ఒక్కరూ దొరకలేదా సార్?" అంది షహర్బాన్.

షార్జాలో ఒక దర్జీ దుకాణం వెనక గది అది. బయట కుట్టుమిషన్లు రొద పెడుతున్నాయి. బల్లకి అటువైపు కూర్చున్న కురువిళ ఆ ప్రశ్న విననట్టే పాలు లేని సులైమానీ టీ తాగుతున్నాడు. గల్ఫ్‌లో భారత గూఢచారులందరికీ పెద్దతలకాయ ఆయనే. షహర్బాన్ ఆయన కింద ఏళ్ళ తరబడి దొంగ పాస్‌పోర్టులతో తిరిగింది, ఓడల్లో దాక్కుంది, ఒకసారి భుజంలో తూటా కూడా దింపుకుంది. ఇప్పుడు ఆమెకి ఎనిమిదో నెల. సెలవు పెట్టి, మర్నాడు కణ్ణూరులో విమానం దిగి, తలశ్శేరిలో ఉన్న తల్లి, ఉమ్మా దగ్గరికి పురుటికి వెళ్ళబోతోంది.

"నువ్వెలాగూ ఆ విమానమే ఎక్కుతున్నావు కదమ్మా. ఊరికే కూర్చుని వెళ్ళడమేగా," అన్నాడు కురువిళ.

షహర్బాన్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. ఊరికే కూర్చోవడమట. నిండుపొట్టతో విమానంలో కూర్చోవడమంటే ఏమిటో ఈయనకేం తెలుసు? ఆ ప్రయాణానికి ఆమె నెల ముందునుంచీ ఏర్పాట్లు చేసుకుంది. టాయిలెట్‌కి దగ్గర్లో నడవా పక్క సీటు తీసుకుంది. కాళ్ళు వాచకుండా బిగుతు మేజోళ్ళు కొంది. నడుము వెనక పెట్టుకోడానికి మెత్తటి దూదిదిండు కుట్టించుకుంది. డాక్టర్ ఎక్కవచ్చని కాగితం రాసిస్తూ, గంటకోసారి లేచి నడవమంది, దాహం వేసేదాకా ఆగకుండా నీళ్ళు తాగుతూ ఉండమంది, సీటు బెల్టు పొట్ట మీద కాకుండా పొట్ట కింద తొడల మీదుగా పెట్టుకోమంది. ఇంత చేసుకున్నది ఈయనగారికి కాపలా మనిషిగా పనికిరావడానికా?

కురువిళ ఒక ఫొటో తీసి బల్ల మీద పెట్టాడు. బట్టతల, కళ్ళజోడు, భయం భయంగా ఉన్న చూపు.

"నంబీశన్. నౌకాదళం ఇంజనీరు. శత్రు జలాంతర్గాముల చప్పుడు పసిగట్టే యంత్రాలు మన సముద్రం అడుగున ఎక్కడెక్కడ ఉన్నాయో అంతా ఈయన బుర్రలోనే ఉంది. శత్రుదేశానికి పనిచేసే లాంతరు ముఠా ఈయన వెంటపడింది. అందుకే టైర్ల కొట్టు మేనేజర్ వేషం వేయించి, మామూలు జనంతో పాటు విమానం ఎక్కిస్తున్నాం. కణ్ణూరు దాకా నువ్వూ మెహ్‌జబీనూ కాపలా."

మెహ్‌జబీన్ పేరు తెలియని వాళ్ళు డిపార్ట్‌మెంట్‌లో లేరు. లాంతరు ముఠాలో చేరి వాళ్ళ గుట్టంతా కురువిళకి అందించే మనిషి. ఆమె గదిలోకి వస్తే ఆఫీసర్లు మాట మధ్యలో ఆపేసి జుట్టు సవరించుకునేవారు.

"ఆవిడా గర్భిణి వేషంలోనే వస్తోంది," అన్నాడు కురువిళ. "ఆవిడది సిలికాన్ పొట్టలే. తలశ్శేరి అమ్మాయి, తొలి కాన్పుకి అత్తగారింటికి వెళ్తోందని కవర్ స్టోరీ. నేనే రాశాను."

"తలశ్శేరి పిల్ల తొలి కాన్పుకి అత్తగారింటికా? మా ఊళ్ళో పెళ్ళయితే అల్లుడే వచ్చి అత్తారింట్లో ఉంటాడు సార్. ఇది విన్నవాళ్ళు నవ్విపోతారు."

"కొట్టాయం వాణ్ణి, నాకేం తెలుసు? ఎవరూ పట్టించుకోరులే. కోడ్ మాట గుర్తుపెట్టుకో. ఆవిడ 'కిటికీ పక్క ఎండగా ఉందా' అంటుంది. నువ్వు 'నాకు ఎండే ఇష్టం' అనాలి. ఇంకొకటి, నీ సీటు మార్చాం. నంబీశన్ వెనకే మధ్య సీటు. నీ దిండు కూడా మార్చాం. ఇదిగో, ఇందులో ట్రాన్స్‌మిటర్ ఉంది."

షహర్బాన్ ఆ దిండు వీపు వెనక పెట్టుకుని చూసింది. ఇటుకలా ఉంది. ఆమె అనాలనుకున్నది బయటికి అనలేదు. కడుపులో బిడ్డ వింటుందని ఊరుకుంది.

మర్నాడు విమానం ఎక్కాక ఆమె కోపం ఇంకాస్త పెరిగింది. అటు కిటికీ పక్క ఒక కుర్రాడి గురక. ఇటు నడవా పక్క కదీశుమ్మ అనే పెద్దావిడ, దుబాయిలో కూతురి పురుడు పోసి ఊరికి తిరిగి వెళ్తోంది. కూర్చోగానే అడగకుండా షహర్బాన్ పొట్ట మీద చెయ్యేసింది.

"కిందికి దిగింది తల్లీ. మగపిల్లాడే."

"ఇత్తా, చెయ్యి తియ్యండి," అంది షహర్బాన్, వాళ్ళ వైపు అక్కని పిలిచే మాటతో.

"అబ్బో, ముట్టుకుంటే కరిగిపోతావా? ఏడుగుర్ని కన్నదాన్ని, నలభై మందికి పురుడు పోసినదాన్ని." చెయ్యి మాత్రం తియ్యలేదు.

ముందు వరసలో నంబీశన్ ముడుచుకుని కూర్చున్నాడు. నడవాకి అవతల మెహ్‌జబీన్. ముత్యాల రంగు గౌను, ఎర్ర లిప్‌స్టిక్, నిండుపొట్ట. వెనక్కి తిరిగి చిన్నగా నవ్వింది.

"కిటికీ పక్క ఎండగా ఉందా?"

"నాకు ఎండే ఇష్టం," అంది షహర్బాన్ విసుగ్గా.

విమానం ఎడారి దాటి సముద్రం మీదికి వచ్చింది. షహర్బాన్ నీళ్ళు అడిగితే ఒక బుల్లి గ్లాసు ఇచ్చారు. నడుద్దామని లేవబోతే భోజనాల బండి అడ్డొచ్చింది. అది పోయేసరికి కదీశుమ్మ నిద్రపోయింది. కాళ్ళు తిమ్మిరెక్కాయి. వీపులో ట్రాన్స్‌మిటర్ గుచ్చుకుంటోంది. ఈ పని అయ్యాక కురువిళకి బరువైన బస్తా ఒకటి పొట్టకి కట్టి, ఇదే సీట్లో ఇదే దిండుతో అటూ ఇటూ తిప్పాలని ఆమె మనసులో గట్టిగా అనుకుంది.

అప్పుడు మెహ్‌జబీన్ కెవ్వున అరిచింది.

విమానంలో జనమంతా లేచారు. మెహ్‌జబీన్ సీట్లో మెలికలు తిరుగుతోంది. "నొప్పులు… వచ్చేస్తోంది… దింపండి, ఎక్కడైనా దింపండి." ఎయిర్‌హోస్టెస్‌లకి పెద్ద ప్రిన్సీ పరుగెత్తుకొచ్చింది. డాక్టర్లెవరైనా ఉన్నారా అని మైకులో అడిగారు. ఎవరూ పలకలేదు. కాసేపటికి కెప్టెన్ గొంతు వినిపించింది. ప్రయాణికురాలికి పురిటినొప్పులు వస్తున్నందువల్ల విమానాన్ని అన్నిటికన్నా దగ్గర్లో, ఉత్తరపు ఒడ్డున ఉన్న విమానాశ్రయంలో దింపుతున్నామని ఆ ప్రకటన.

ఉత్తరపు ఒడ్డు శత్రుదేశం.

నంబీశన్ మొహంలో నెత్తురు చుక్క లేదు. షహర్బాన్‌కి ఒక్క క్షణంలో అంతా అర్థమైంది. మెహ్‌జబీన్ ఇన్నాళ్ళూ ముఠా గుట్టు కురువిళకి అమ్మలేదు. కురువిళ గుట్టే ముఠాకి అమ్మింది. అక్కడ దిగితే నంబీశన్‌ని పట్టుకుపోతారు, ఆయన బుర్రలో ఉన్నదంతా కక్కిస్తారు. తన దొంగ పేర్లన్నీ కూడా ఆ మనిషికి తెలుసు. తనని వదలరు. తన బిడ్డ శత్రువు జైల్లో పుడుతుంది.

దిండులో మీట నొక్కింది. నడిసముద్రం మీద ఆ పెట్టె కిక్కురుమనలేదు.

కదీశుమ్మని లేపి, ఆమె మోకాళ్ళ మీంచి ఎలాగో దాటుకుని నడవాలో పడింది షహర్బాన్. "ప్రిన్సీ, నేను గవర్నమెంట్ మనిషిని. ఆవిడ నాటకమాడుతోంది. విమానం తిప్పొద్దని చెప్పు."

"మీ ఐడీ కార్డు చూపించండి ఇత్తా."

గూఢచారి కార్డు పెట్టుకు తిరుగుతుందా?

"టెన్షన్ పడకండి ఇత్తా," అంది ప్రిన్సీ జాలిగా. "ఈ టైంలో ఏవేవో భయాలు వస్తాయి. బిడ్డకి మంచిది కాదు, కూర్చోండి."

కూర్చో. నెమ్మది. టెన్షన్ పడకు. ఏడో నెల నుంచీ ఆమె నోట్లోంచి వచ్చిన ప్రతి మాటకీ లోకం ఇదే జవాబు చెబుతోంది. షహర్బాన్ ప్రిన్సీని పక్కకి తోసి, మెహ్‌జబీన్ గౌను మీద చెయ్యేసి, "ఇది సిలికాన్ పొట్ట, చూడండి," అంటూ గట్టిగా నొక్కింది.

అరచేతికి వెచ్చటి ఒళ్ళు తగిలింది. లోపలినుంచి చిన్న మడమ ఒకటి ఆమె చేతిని తన్నింది.

షహర్బాన్ కొయ్యబారిపోయింది. పొట్ట నిజమైనదే.

"ఛీ, తను కూడా కడుపుతో ఉండి నొప్పులు పడుతున్నదాని మీద పడుతుందేమిటి, మతిపోయిందా దీనికి?" అన్నాడు వెనకనుంచి ఎవరో. ప్రిన్సీ ఆమె మోచెయ్యి పట్టుకుంది. మెహ్‌జబీన్ ఇంకా గట్టిగా అరిచింది. ఆ అరుపు మధ్యలోనే షహర్బాన్ కళ్ళలోకి చూసి కొంచెం నవ్వింది. విమానం ఎడమవైపు ఒరగడం మొదలుపెట్టింది.

ఆ నవ్వు చూసేసరికి షహర్బాన్‌కి ఒళ్ళంతా భగ్గుమంది. కోపానికో, దాహానికో, ఆమె పొట్ట ఒక్కసారిగా బిగిసింది. డాక్టర్ చెప్పిన దొంగనొప్పి. కాసేపు బిగబట్టి వదిలేస్తుంది. ఆమె సీటు పట్టుకుని నిలబడింది. అప్పుడు తట్టింది. ఇందాక మెహ్‌జబీన్ గొంతు చించుకుంటున్నప్పుడు తన చేతికింద ఆ పొట్ట మెత్తగా ఉంది.

"ప్రిన్సీ, నీకు పిల్లలున్నారా?"

"ఒక పాప."

షహర్బాన్ ఆమె చెయ్యి లాగి తన పొట్ట మీద పెట్టింది. "చూడు. బండరాయిలా ఉందా? నాకొచ్చింది దొంగనొప్పి. దానికే ఇలా ఉంటే అసలు నొప్పికి ఎలా ఉండాలి? ఇప్పుడు అది అరిచేటప్పుడు దాన్ని ముట్టుకో."

"దాన్ని నన్ను ముట్టుకోనివ్వకండి," అంది మెహ్‌జబీన్ గబుక్కున. నొప్పులు పడే మనిషి గొంతు కాదది.

కదీశుమ్మ అప్పటికే నడుం మీద చేతులు పెట్టుకుని అక్కడికి వచ్చేసింది. ఆమె వెనక నలుగురైదుగురు ఆడవాళ్ళు.

"ఏ ఊరమ్మా మీది?" అంది కదీశుమ్మ.

"తలశ్శేరి… అమ్మా, చచ్చిపోతున్నాను…"

"ఎన్నో కాన్పు?"

"తొలి కాన్పు. మా అత్తగారింటికే వెళ్తున్నాను, ఆవిడ ఎదురుచూస్తుంటుంది…"

ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

"తలశ్శేరిలో తొలి కాన్పు అత్తగారింట్లోనా?" అంది కదీశుమ్మ. "ఎవరే నువ్వు? జరగండి, నన్ను చూడనివ్వండి." అడిగి ముట్టుకోవడం ఆమెకి అలవాటు లేదు. రెండు చేతులూ పొట్ట మీద పెట్టింది. మెహ్‌జబీన్ అరిచింది. "పత్తిరి రొట్టెలకి కలిపిన పిండిలా మెత్తగా ఉంది," అంది కదీశుమ్మ. ఇంకొకావిడ చెయ్యేసింది. మెహ్‌జబీన్ మళ్ళీ అరిచింది. "మెత్తగా ఉంది." మూడో ఆవిడ, నాలుగో ఆవిడ. మెత్తగానే ఉంది. ఆఖర్న ప్రిన్సీ చెయ్యేసింది, మరుక్షణం కాక్‌పిట్ ఫోను దగ్గరికి పరుగెత్తింది.

కిటికీలోంచి దూరంగా ఉత్తరపు ఒడ్డు గోధుమరంగు గీతలా కనబడుతోంది. విమానం కిందికి దిగుతోంది. ఫోనులో ప్రిన్సీ అరుస్తోంది. కెప్టెన్ నమ్మడం లేదు. "నేను పిల్లని కన్నదాన్ని సార్, నా చేత్తో చూశాను, నొప్పులు లేవు," అని ప్రిన్సీ మూడోసారి చెప్పాక విమానం ఒక్క కుదుపు కుదిపింది. మెల్లగా కుడివైపుకి ఒరిగి, ఆ గీతకి వీపు తిప్పింది.

మెహ్‌జబీన్ అరవడం ఆపేసింది. లిప్‌స్టిక్ మూత తీసింది. అందులోంచి విషపు సూది బయటికొచ్చింది. నంబీశన్ మెడ చేతికందే దూరంలో ఉంది. షహర్బాన్ తన సీట్లోంచి ట్రాన్స్‌మిటర్ దిండు లాగి మెహ్‌జబీన్ మణికట్టు మీద బలంకొద్దీ కొట్టింది. సూది ఎగిరిపడింది. కురువిళ ఇచ్చిన సామాన్లలో ఒక్కటైనా పనికొచ్చింది. మిగిలిన పని కదీశుమ్మ చేసింది. మెహ్‌జబీన్ పక్కన కూలబడి రెండు చేతులూ ఒడిసిపట్టుకుంది.

షహర్బాన్ నడవాకి ఇవతలి సీట్లో కూర్చుంది.

"నీ కడుపులో బిడ్డ ఉండగా ఇంతమందిని అమ్మడానికి ఎలా మనసొప్పిందే నీకు?"

"దీని తండ్రి ఆ ఒడ్డున ఉన్నాడు, ముఠా వాళ్ళ చేతుల్లో," అంది మెహ్‌జబీన్. "విమానం దింపితే వదిలేస్తామన్నారు." పొట్ట వంక చూసుకుంటూ అడిగింది. "నా బిడ్డ జైల్లో పుడుతుంది కదూ?"

షహర్బాన్‌కి జాలి వెయ్యలేదు. కోపమే వచ్చింది. ఈమె మీద, ఆ ముఠా మీద, కురువిళ మీద. కడుపుతో ఉన్నవాళ్ళని ఎవరూ అనుమానించరని అటువాళ్ళూ ఇటువాళ్ళూ ఒకే లెక్క వేసుకున్నారు. ఆ లెక్కలో బిడ్డలు లేరు. ఇందాక తన బిడ్డ కోసం తను భయపడిందంతా ఇప్పుడు ఆ చిన్న మడమ మీద పడబోతోంది.

కణ్ణూరులో ముందు విమానంలో వచ్చి దిగిన కురువిళ, కెప్టెన్ రేడియోలో పంపిన కబురు అందుకుని పోలీసులతో సిద్ధంగా ఉన్నాడు. నంబీశన్‌ని కారెక్కించారు. "శభాష్," అన్నాడు కురువిళ. "ఈవిడని సెంట్రల్ జైలుకి."

"జైలుకి కాదు సార్. కాన్పు అయ్యేదాకా మా ఉమ్మా ఇంట్లో ఉంటుంది. చుట్టూ కాపలా పెట్టుకోండి. ఆ తర్వాత మీ కోర్టు, మీ ఇష్టం."

"నీకు పిచ్చా? అది దేశద్రోహి."

"ద్రోహే. దానికి శిక్ష పడాలి. కడుపులో ఉన్నదానికి కాదు." షహర్బాన్ గొంతు లేచింది. "సిలికాన్ పొట్ట అన్నారు. మీ ఆఫీసులో ఒక్కరైనా చూశారా? కూచోబెట్టి ఎదురుగా బ్రీఫింగులిచ్చారు, జుట్టు దువ్వుకున్నారు, నిజంగా కడుపుతో ఉందని ఒక్కరికీ తెలియలేదు. ఢిల్లీకి నా రిపోర్టులో ఈ ముక్క మొదట రాయనా, వదిలెయ్యనా?"

కురువిళ జేబులోంచి ఫోను తీసి, జీపు తలశ్శేరికి పంపమన్నాడు.

తలశ్శేరిలో గుమ్మం ముందు జీపు ఆగింది. ఉమ్మా బయటికొచ్చి కూతుర్ని చూసింది. సంకెళ్ళతో దిగుతున్న మెహ్‌జబీన్‌ని చూసింది. ఆ సంకెళ్ళ గురించి ఏమీ అడక్కుండా ఇద్దరికీ తాగడానికి నీళ్ళిచ్చింది. వెనక తుపాకులతో దిగిన నలుగురు పోలీసుల వంక ఎగాదిగా చూసి, తలుపు బార్లా తీసింది.

"సరే, రండి," అంది. "ఇంతకీ ఈ పోలీసులకి ఎన్నో నెల?"