వంతెన కింద జామకాయల బుట్ట

ఉడత వంతెన రెయిలింగు మీద పొట్ట ఆనించి కిందికి వంగింది. ఆమె చేతిలో తాడు, తాడు చివర మూతపెట్టిన ప్లాస్టిక్ బుట్ట, బుట్టలో దోరజామకాయలు. ఆ రోజు బడి ఒంటిపూటే. మధ్యాహ్నం కావడంతో వంతెన మీద ఎవరూ లేరు.

ఉడత అసలు పేరు ఊళ్లో ఎవరూ పిలవరు. కాలు ఒకచోట నిలవని పిల్ల కాబట్టి ఈ పేరే ఖాయమైపోయింది. ఇంట్లో జామకాయలు ఎక్కడ దాచినా ఆమె తమ్ముడు చీమలా కనిపెట్టేస్తాడు. బట్టల పెట్టెలో దాస్తే తీశాడు. పరుపు కింద దాస్తే తీశాడు. గాలిలో వేలాడుతుంటే ఎలా తీస్తాడో చూద్దామనుకుంది ఉడత.

వంతెన పక్కనుంచి మూరెడు ఇనుప కడ్డీ ఏటి మీదికి చాచుకుని ఉంది. దాని చివర ఒక బూడిదరంగు పెట్టె. ఉడత చెయ్యి చాచి తాడును ఆ కడ్డీ చివర కట్టింది. బుట్ట సరిగ్గా పెట్టె కింద, నీళ్లకు చాలా ఎత్తున ఆగింది. తన తెలివికి తనే మురిసిపోతూ ఇంటికి పరుగెత్తింది.

ఇంకా గుమ్మం తొక్కనే లేదు, బడి మేడ మీద సైరన్ మోగింది.

సైరన్ మోగిందంటే ఏరు పొంగుతోందని అర్థం. అమ్మ కుడుతున్న బట్టను మిషను మీదే వదిలేసి తమ్ముణ్ణి చంకనెత్తుకుంది. నాన్న సైకిల్ షాపు నుంచి రొప్పుతూ వచ్చి ఉడత చెయ్యి పట్టుకున్నాడు. మేకలతో, మూటలతో, ఏడ్చే పిల్లలతో ఊరంతా మెరక మీదున్న బడికి ఎక్కింది.

బాతుల తాత ఇల్లు అన్నిటికన్నా పల్లంలో, ఏటి ఒడ్డునే ఉంటుంది. ఆయన ఒంటరివాడు. బాతులే ఆయన సంసారం. వాటిని అదిలించుకుంటూ అందరితో సమానంగా నడవబోయి, బడి మెట్ల దగ్గర కాలుజారి పడ్డాడు. ఉడత నాన్న పట్టుకుని లేపాడు. చూస్తుండగానే తాత మోకాలు వాచిపోయింది.

అందరూ వరండాలోంచి ఏటివైపు చూశారు. ఏరు ఎప్పటిలాగే రాళ్ల మధ్య సన్నగా పారుతోంది. ఎంతసేపు చూసినా అలాగే పారుతోంది.

మొదట ఎవరో నవ్వారు. తర్వాత అందరికీ కోపం వచ్చింది. వంతెన మీది పెట్టెకు పిచ్చెక్కి ఉత్తినే సైరన్ మోగించిందన్నారు. పొయ్యి మీద మాడిపోయిన గిన్నెల సంగతి ఎవరిని అడగాలంది ఒక పిన్ని.

వాళ్ల మాటల్లో పెట్టె పేరు వినగానే ఉడతకు పెట్టె అక్క గుర్తొచ్చింది. ఆ పెట్టె బాగోగులు చూడటానికి ఆఫీసు నుంచి బైకు మీద వచ్చే అమ్మాయిని పిల్లలు అలాగే పిలుస్తారు. ఒకసారి క్లాసుకు వచ్చి, పెట్టె నీళ్లను ఒక కేక వేసి పిలుస్తుందని చెప్పింది. ఆ కేక మన చెవికి వినపడదట. నీళ్లకు తగిలి తిరిగొస్తుందట. గబుక్కున తిరిగొచ్చిందంటే నీళ్లు పైకి వచ్చేశాయని లెక్క.

ఉడత వంతెనవైపు చూసింది. ఆ కేక నీళ్లదాకా వెళ్లనే లేదు. బుట్ట మూతకు తగిలి తిరిగొచ్చేసింది.

అందరూ ఇళ్లకు దిగిపోయాక ఆమె ఒక్కతే వెళ్లి బుట్టను పైకి లాగింది. కాయలన్నీ తమ్ముడి ఒళ్లో పోసింది. వాడు కాయల వంకా అక్క వంకా అనుమానంగా మార్చి మార్చి చూసి, చివరికి ఒకటి కొరికాడు.

మర్నాడు అమ్మ వేడినీళ్ల సీసా ఇచ్చి ఉడతను బాతుల తాత దగ్గరికి పంపింది. తాత మంచం మీద కాలు చాపుకుని ఉన్నాడు. బాతులు మంచం చుట్టూ తిరుగుతున్నాయి. ఉడత సీసాకు గుడ్డ చుట్టి మోకాలికి కాపడం పెట్టింది. చెయ్యి ఎంత మెత్తనో అని తాత మెచ్చుకుంటుంటే ఆమెకు తల ఎత్తాలనిపించలేదు.

"ఈసారి ఆ సైరన్ మోగినా నేను కదలనమ్మా," అన్నాడు తాత. "ఉత్తుత్తి దానికి ఈ మోకాలితో మళ్లీ ఆ మెట్లు ఎక్కలేను."

 బయట మబ్బు పట్టింది. ఎగువన కొండల మీద వానలు మొదలయ్యాయని పొద్దున టీచర్ చెప్పింది.

ఆ సాయంత్రమే పెట్టె అక్క వచ్చింది. వంతెన మీద జనం ఆమె చుట్టూ మూగారు. అక్క పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసింది, ఏ తప్పూ దొరకలేదు. పరీక్ష చేయించాలంటే ఊడదీసి తీసుకెళ్లాల్సిందేనని, మళ్లీ బిగించడానికి కొన్నాళ్లు పడుతుందని చెప్పింది. తీసుకెళ్తే తీసుకెళ్లు, మాకు దాని గొడవ వద్దన్నారు జనం. అక్క స్పానరు తీసింది.

ఉడత వెనకనుంచి జనాన్ని తోసుకుంటూ వచ్చింది.

"అక్కా, పెట్టె తప్పు కాదు. నేనే దాని కింద బుట్ట కట్టాను."

అందరూ ఒక్కసారి ఆమెవైపు తిరిగారు. ఎందుకు కట్టావని అక్క అడిగింది. ఉడత కాళ్లవైపు చూస్తూ జామకాయల సంగతి, తమ్ముడి సంగతి చెప్పింది. ఎవరో కిసుక్కున నవ్వారు. మాడిన గిన్నెల పిన్ని మాత్రం నవ్వలేదు.

అక్క సైరన్ మోగకుండా ఫోన్‌లో ఆపి, తన హెల్మెట్‌ను తాడుకు కట్టి పెట్టె కిందికి దించింది. తన ఫోన్ ఉడతకు చూపించింది. తెరమీద నీటిమట్టం చూపే గీత నిటారుగా పైకి లేచింది. హెల్మెట్ తీయగానే కిందికి దిగింది.

"పెట్టె బాగానే ఉంది," అంది అక్క స్పానరు సంచిలో వేసుకుంటూ. "కానీ ఇక్కడ లేనివాళ్లంతా అది పిచ్చిదనే అనుకుంటున్నారు. వాళ్లకెలా తెలుస్తుంది?"

ఉడత జనంలో ఉన్న నాన్నవైపు చూసింది. నాన్న కోప్పడలేదు. గొడుగు తెరిచి పద అన్నాడు.

ప్రతి ఇంటి దగ్గరా నాన్న గొడుగుతో గేటు బయటే నిలబడ్డాడు.  ఉడతే లోపలికి వెళ్లి చెప్పింది. కొందరు చివాట్లు పెట్టారు, కొందరు బుగ్గ గిల్లారు. పాలమ్మే ఒకావిడ తన క్యాన్లు ఎలా ఒలికిపోయాయో మొదటినుంచీ చెప్పింది. ఉడత కదలకుండా చివరిదాకా విన్నది.

చివరి ఇల్లు బాతుల తాతది. అక్కడ ఉడత ఆయన మోకాలి దగ్గర నేలమీద కూర్చుని, ఏడుస్తూనే చెప్పింది. తాత చాలాసేపు ఆమె తల నిమిరాడు.

"బుట్ట దాచావుగానీ మాట దాచలేదు. మంచిదే."

"ఈసారి మోగితే వస్తావా తాతా?"

"మోకాలు ఒప్పుకోవాలి కదమ్మా."

"నేనొస్తాను. నన్ను పట్టుకుని నడు. నేనెక్కడికీ పరుగెత్తను."

తాత బాతుల్ని గూట్లోకి తోలమన్నాడు.

నాలుగైదు రోజులు ముసురు పట్టింది. ఒక సాయంత్రం వాన మధ్యలో సైరన్ మోగింది. ఈసారి పెట్టెను ఎవరూ తిట్టలేదు. తలుపులు టపటపా తెరుచుకున్నాయి. జనం పైకి వెళ్తుంటే, నాన్న చెయ్యి పట్టుకుని ఉడత పల్లానికి దిగింది.

ఏటి నీళ్లు ఎర్రగా తాత పెరటి కంచెను తాకుతున్నాయి. తాత వాకిట్లో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. తలమీద గోనెపట్టా, ఒళ్లో తట్ట, తట్టలోంచి తొంగిచూస్తున్న బాతుల తలలు.

"ఇంతసేపా? నీకోసమే కూర్చున్నా," అన్నాడు.

నాన్న తట్ట ఎత్తుకున్నాడు. తాత బరువంతా ఉడత భుజం మీద వాలింది. తాత ఒక అడుగు వేస్తే ఆమె ఒక అడుగు వేసింది. ఆయన ఆగితే ఆగింది. జనం పక్కనుంచి వేగంగా దాటిపోతున్నారు. ఉడత మాత్రం తాత పాదాలనే చూస్తూ, ఎక్కడ రాయి ఉందో, ఎక్కడ జారుతుందో చెబుతూ, మెల్లగా మెరక ఎక్కింది.