మూడో మడుగు చల్లనీళ్ళు

మూడో మడుగు వేడి ఇరవై తొమ్మిదికి చేరింది. కొర్లమ్మ పలక మీద అంకె నొక్కి, నడుముల్లోతు నీళ్ళలో పెట్టెచేప జంట వైపు ఇంకో అడుగు వేసింది. చేపలు బెదరకుండా మడుగుల్లో తిరిగే మెల్లడుగు పనివాళ్ళకి నేర్పే మొదటి పాఠం ఒకటే. నీడ చేప మీద పడకూడదు, చప్పుడు అసలే కాకూడదు.

బయట సముద్రంలో పగడాలు ఉడికిపోయి ఆరేళ్ళయింది. మడుగుల్ని ఏలే యంత్రం పేరు సమతుల. దాని లెక్కలో ఈ జాతికి మిగిలింది ఈ రెండే. ఆరు మూలల పలకలు అతికి కట్టిన పెట్టెలో ఒళ్ళు, బయటికి మూతీ, రెక్కలూ, తోకా. ఒళ్ళు వంచలేదు, జోరుగా పారిపోలేదు. బెదిరితే చర్మంలోంచి విషం వదులుతుంది. సముద్రమైతే ఆ విషం కొట్టుకుపోయేది. మూసిన మడుగులో అది పక్కచేపల్నీ, ఆఖరికి తననీ చంపుతుంది.

ఆడది గుడ్లతో నిండుగా ఉంది. పొద్దు వాలే వేళ రెండూ కలిసి పైకి లేచి గుడ్లు వదులుతాయి. నాలుగేళ్ళుగా కొర్లమ్మ ఎదురుచూసిన పొద్దు ఇదే.

ఆడది నీళ్ళు లాగే గొట్టం జల్లెడ వైపు జారుతోంది. దాన్ని మళ్ళించాలి. కొర్లమ్మ చేతిలోని కర్ర, ఆమెని అడక్కుండానే, గట్టు మీద టకటకా కొట్టింది. తాతముత్తాతలు తెప్ప అంచున తెడ్డు కొట్టి చేపల్ని వలవైపు తోలినవాళ్ళు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు.

ఆడచేప ఉలిక్కిపడింది. నీళ్ళ మీద సన్నని నురగ లేచింది.

"ఏటి సేసినావే కొర్లీ?" చెవిలో మేనమామ దానియ్య గొంతు. పై గదిలో తెరలు చూసేది ఆయనే.

"సెయ్యి ఆగనేదు మావా!"

"విషస్రావం. ఆరు నిమిషాల్లో మూడో మడుగు ఖాళీ చేయబడును. మిగతా మడుగుల రక్షణార్థం" అంది సమతుల.

"ఖాళీ సెయ్యడమంటే సంపెయ్యడమే గదా!" కొర్లమ్మ ఏడుపు ఆపుకోలేకపోయింది. చిన్న నీలిచేపలు అప్పటికే వెల్లకిలా తేలుతున్నాయి. వాటి పాపం తనదే.

గోడవెంట ఇళ్ళకి పోయే చల్లనీటి గొట్టం ఉంది. లోతు సముద్రపు నీరు మూడొందల గదుల్ని చల్లబరిచేది దానిలోంచి పోతూనే. పక్కనే ఇనప పిడి. కిందికి లాగి పట్టుకుంటే నీళ్ళన్నీ మడుగులోకి మళ్ళి, మురికి నీరు బయటికి పొర్లిపోతుంది. వదిలేస్తే స్ప్రింగు పైకి లాగేస్తుంది. అది కింద ఉన్నంతసేపూ మడుగుని ఖాళీ చేసే తలుపు తెరుచుకోదు.

కొర్లమ్మ రెండు చేతులతో పిడి లాగి వేలాడింది.

"ఇళ్ళలో వేడి నలభై మూడుకి చేరుతోంది. చెయ్యి తీయండి" అంది సమతుల.

"ఒగ్గీయే! మీ అత్తకి ఉబ్బసమే!" అరిచాడు దానియ్య.

"పావుగంట ఓర్సుకోమను మావా. ఇవి పోతే మరి నేవు."

ఆయన ఫోనులోంచి అత్త గొంతు వినిపించింది. "ఏటయిందయ్యా, ఇల్లు ఉడికిపోతంది." అడకత్తెరలో పోకచెక్కలా నలిగాడు దానియ్య. "తడిగుడ్డ ముక్కుకి అడ్డెట్టుకుని మెట్ల కాడ కూకో. వస్తన్నాను" అని ఫోను పెట్టేశాడు.

నురగ పల్చబడుతోంది. ఆడచేప ఒకపక్కకి ఒరిగి, రెక్కలు గిలగిలా కొట్టుకుంటోంది. కొర్లమ్మ భుజాలు పట్టుతప్పాయి. పిడి జానెడు పైకి లేచింది.

"ఖాళీ తలుపు సిద్ధం."

వెనక నీళ్ళ చప్పుడయింది. మెల్లడుగు నియమాలన్నీ మరిచి, బట్టలతోనే దిగిన దానియ్య ఆమె చేతుల మీద తన చేతులు వేసి బరువంతా కిందికి వేశాడు.

"అత్తో?"

"సూడు, సేపల కేసి సూడు" అన్నాడు. ఆమె వైపు తిరక్కుండా పిడిని ఇంకా కిందికి అదిమాడు.

"పిడి మీద ఇద్దరున్నారు. బాధ్యులెవరు?" అంది సమతుల. మళ్ళీ అడిగింది. మూడోసారి అడిగింది. ఇద్దరు కలిసి పిడి పట్టుకుంటే ఏం చెయ్యాలో చెప్పే నియమం దాని దగ్గర లేదు.

ఇద్దరూ పిడి వదల్లేదు. ఒరిగిన ఆడచేప నిలదొక్కుకుంది. మగది దాని పక్కకి చేరింది. రెండూ మెల్లగా పైకి లేవసాగాయి.