ఐసు ఫ్యాక్టరీ దగ్గర బండి నిలబెట్టకండి

పెదపాడు దాటి కొల్లేరు వైపు వెళ్తే, చేపల చెరువుల మధ్య మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ ఒకటి కనిపిస్తుంది. పగలు చూస్తే అందులో భయపడాల్సిందేమీ లేదు. రేకులు ఎగిరిపోయిన షెడ్డు, తుప్పు పట్టిన తలుపులు, లోపల మొలిచిన తుమ్మ చెట్లు. ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో లారీల కోసం చెరువు గట్టు మీద వేసిన సిమెంటు రోడ్డు మాత్రం ఇప్పటికీ గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది.

చీకటి పడ్డాక ఆ రోడ్డు మీదికి ఎవరూ పోరు. పోయినా బండి ఆపరు. ఆపినా... ఇంజను ఆన్‌లో ఉంచరు.

ఎందుకంటే, ఐసు మోసే కూలీ ఒకాయన ఆ చెరువులో పడి చనిపోయాడట. ఏ ఊరాయనో, పేరేమిటో ఎవరికీ తెలియదు. ఇంజను ఒకచోట నిలబడి మోగిందంటే చాలు — లోడింగుకి లారీ వచ్చిందనుకుని నీళ్ళలోంచి పైకి వస్తాడట.

ఈ సంగతి అందరికీ చెప్పేది చెరువు కాపలా సీమోను. చెప్పేటప్పుడు గొంతు బాగా తగ్గించి, చెరువు వైపు ఒకసారి చూసి మరీ చెప్పేవాడు.

నేను దెయ్యాలను నమ్మను. రోడ్ల మీద బైకు పందేలు వేసేవాళ్ళను అసలే సహించను. అయినా ఈ కథ చెబుతున్నాను. ఇందులో ఉన్న అమ్మాయి పద్ధతి గల మనిషి. ఆమె మేనమామ ఆనంద్ పాల్ మా వీధిలోనే ఉంటాడు. పిరికివాడే గాని, అబద్ధం ఆడడు. ఆయన నోట విన్నది విన్నట్టు రాస్తున్నాను.

ఆ అమ్మాయి పేరు జాయ్సీ. ఏలూరులో వీరేంద్ర గారి బైకుల షెడ్డులో మెకానిక్కు. ఏ ఇంజను ఇచ్చినా విప్పి, కడిగి, బిగించి ఇవ్వగలదు. కానీ ఆ షెడ్డులో ఒక అలవాటు పాతుకుపోయింది — స్పానరు అమ్మాయిది, సీటు అబ్బాయిలది.

చెన్నై దగ్గర రేసు ట్రాక్ మీద డ్రాగ్ రేసు ఉంది. దొంగచాటుగా జరిగేది కాదు, లైసెన్సులూ అంబులెన్సులూ పెట్టి పద్ధతిగా జరిపేది. రెండు బళ్ళు పక్కపక్కన నిలబడి, లైటు వెలగగానే తిన్నగా దూసుకుపోవాలి. గెలుపంతా ఆ మొదటి కుదుపులోనే, వాళ్ళ మాటలో లాంచ్‌లోనే, తేలిపోతుంది. వీరేంద్ర గారు ఆ రేసుకి పెద్ద బండి ఒకటి సిద్ధం చేశారు. దాని ఇంజనుని విప్పి బిగించింది జాయ్సీయే.

"నేను నడుపుతానండీ," అంది జాయ్సీ.

వీరేంద్ర గారు నవ్వలేదు. అదొక్కటి ఆయనలో మంచి గుణం. "నెలాఖరు శుక్రవారం వచ్చి చూస్తాను. ఒక్క లాంచ్. బండి సాఫీగా లేచిందా, సీటు నీది. గెంతిందా, ఆగిపోయిందా... తాడేపల్లిగూడెం నుంచి ఒక కుర్రాడు అడుగుతున్నాడు, అతనిది. మళ్ళీ నన్ను అడగకూడదు."

ఆ మాట చెప్పి, ఎలా చెయ్యాలో కూడా చూపించారు.

"క్లచ్ అంటే స్విచ్ కాదు జాయ్సీ, కుళాయి. ఒక్కసారి తిప్పేస్తే కొట్టుకుపోతావు. ముందు యాక్సిలేటర్ ఒకచోట నిలబెట్టు. చప్పుడు పైకీ పోకూడదు, కిందికీ పోకూడదు. క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో అక్కడిదాకా వదిలి ఆపు. అక్కణ్ణుంచి మెల్లిగా... బండి కదిలాక కూడా వేళ్ళు తీసెయ్యకు. ఒళ్ళు ముందుకి వంచు. చూపు ముందుకి. వెనక్కి చూశావా, మెడతో పాటు చెయ్యి కూడా తిరుగుతుంది."

నేర్చుకోవడానికి తిన్నని రోడ్డు కావాలి. జనం తిరిగే రోడ్డు మీద చెయ్యనని జాయ్సీ పట్టుబట్టింది. చెరువు లీజుకి తీసుకున్న వెంకట్రాజు గారిని అడిగి, రెండు వైపులా గేట్లు వేసుకునే షరతు మీద ఐసు ఫ్యాక్టరీ రోడ్డు సంపాదించింది. షెడ్డు మూసేసి వచ్చేసరికి చీకటి పడేది. వాళ్ళమ్మ మరియమ్మ ఒక్కదాన్నే పంపనంది. అలా ఆనంద్ పాల్ టార్చిలైటు పట్టుకుని వెంట బయలుదేరాడు.

మొదటి సాయంత్రాలు చూడాలి. జాయ్సీ క్లచ్ వదలగానే బండి ఒక్క గెంతు గెంతి ఆగిపోయేది. మళ్ళీ స్టార్టు, మళ్ళీ గెంతు. ఒకసారి ముందు చక్రం గాల్లోకి లేచింది. భయపడి మరీ మెల్లిగా వదిలితే క్లచ్ కాలి కమురు వాసన.

"అమ్మాయ్," అన్నాడు ఆనంద్ పాల్, గట్టు మీద రుమాలు పరుచుకుని కూర్చుని, "నువ్వు నేర్చుకునేది బండా, కప్పల పెంపకమా?"

"మామయ్యా, మీరు టార్చి సరిగ్గా పట్టండి చాలు."

"పట్టాను. దోమలకి నా మొహం బాగా కనిపిస్తోంది."

జాయ్సీకి నవ్వొచ్చి క్లచ్ వదిలేసింది. బండి మళ్ళీ గెంతింది.

నాలుగో రోజో, ఐదో రోజో... మొదటిసారి చెయ్యి కుదిరింది. యాక్సిలేటర్ నిలబడింది. చప్పుడు ఒకే తీరుగా మోగింది — పైకీ పోలేదు, కిందికీ పోలేదు. గట్టు మీది సిమెంటు సన్నగా అదిరింది. క్లచ్ పట్టే చోటు వేళ్ళకి దొరికింది. ఇప్పుడు వదలాలి, మెల్లిగా...

తపతప.

వెనక, చెరువులో.

తపతప... తపతపతప...

ఎవరో నీళ్ళలో నడిచి గట్టు వైపు వస్తున్నట్టు. ఒకడు కాదు... పదిమంది వస్తున్నట్టు.

"అమ్మాయ్..." ఆనంద్ పాల్ గుసగుసగా అన్నాడు, "లోడింగుకి వచ్చేశాడు."

జాయ్సీ చెయ్యి జారింది. బండి గెంతి ఆగిపోయింది. ఇంజను చప్పుడు పోయిందో లేదో, నీళ్ళ చప్పుడు కూడా పోయింది. ఆనంద్ పాల్ అప్పటికే వెనక సీటు మీద ఉన్నాడు. ఎప్పుడు ఎక్కాడో ఆయనకే తెలియదు.

"పోనియ్! పోనియ్యవే తల్లీ!"

"స్టార్టు కావాలి కదండీ మామయ్యా!"

ఇంటికి చేరేదాకా ఆయన ప్రార్థన చేస్తూనే ఉన్నాడు. అందులో సగం ప్రార్థన, సగం జాయ్సీని తిట్టడం.

మర్నాడు కూడా అంతే. చెయ్యి వణికి బండి గెంతినప్పుడు చెరువు నిశ్శబ్దంగా ఉండేది. చప్పుడు నిలకడగా నిలబడ్డ మరుక్షణం... తపతప. చేసేది సరిగ్గా చేస్తేనే ఆ చప్పుడు వస్తోంది. వస్తే చెయ్యి వణుకుతోంది. వణికితే లాంచ్ పోతోంది. ఇక్కడ భయాన్ని గెలవకపోతే సీటు గూడెం కుర్రాడిదే.

జాయ్సీ ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని చాలాసేపు ఆలోచించింది. భయపెట్టినదాన్ని చూడకుండా తిరిగేవాళ్ళకి భయం పోదు. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు, తనే తెలుసుకుంది.

"మామయ్యా, రేపు నేను ఇంజను నిలబెడతాను. మీరు టార్చి నీళ్ళ మీద వెయ్యండి."

"నేను వెయ్యను."

"కళ్ళు మూసుకుని వెయ్యండి."

ఆ షరతుకి ఆయన ఒప్పుకున్నాడు.

మర్నాడు చీకట్లో ఇంజను మోగింది. ఒకే తీరుగా. గట్టు అదిరింది. తపతప... దగ్గరికి... ఇంకా దగ్గరికి... టార్చి మొదట ఆకాశం మీద పడింది, తర్వాత ఫ్యాక్టరీ రేకుల మీద, తర్వాత ఆనంద్ పాల్ చెప్పుల మీద.

"నీళ్ళ మీద, మామయ్యా!"

వెలుగు నీళ్ళ మీద పడింది.

నోళ్ళు!

గట్టు పొడవునా గుండ్రటి నోళ్ళు, వందల కొద్దీ, తెరుచుకుని... మూసుకుని... తెరుచుకుని. చేపలు! బొచ్చెలు, శీలావతులు. ఒకదాని మీద ఒకటి ఎక్కి, తోకలతో నీళ్ళు బాదుతూ, మేత కోసం వెర్రిగా ఎగబడుతున్నాయి.

జాయ్సీ ఇంజను ఆపింది. హెల్మెట్ తీసింది. రోడ్డు మీద చతికిలబడి పొట్ట పట్టుకుని నవ్వింది.

ఆనంద్ పాల్ ఒక కన్ను తెరిచాడు. "ఎంతమంది ఉన్నారు?"

"చెరువు నిండా ఉన్నారండీ! పులుసుకి సరిపోతారు!"

తెల్లారగానే సీమోనుని పట్టుకున్నారు. తల వంచుకుని చెప్పేశాడు. మా వైపు చేపల మేతను చిల్లుల సంచుల్లో నింపి, చెరువంతా పాతిన కర్రలకి కడతారు. పడవ మీద కర్ర కర్రకీ తిరగాలి. చేపలు ఒక్కొక్కటిగా వచ్చి సంచిని పొడుచుకుని తింటాయి. సీమోనుకి ఆ తిరుగుడు బద్ధకం. అందుకని తెల్లవారుజామున, ఎవరూ చూడకముందు, ఫ్యాక్టరీ దగ్గర పాత పంపు ఇంజను ఒకటి ఆన్ చేసి, సంచులన్నీ అక్కడే గుమ్మరించేవాడు. కొన్నాళ్ళకి చేపలకి అలవాటైంది. ఇంజను నిలకడగా మోగితే మేత వచ్చినట్టే. దారిన పోయే బళ్ళు ఆగవు కాబట్టి వాటికి పైకి రావు. ఆగి, ఒకే తీరుగా మోగింది జాయ్సీ బండి ఒక్కటే.

చేపల మధ్య పుట్టి పెరిగిన ఆ ఇద్దరికీ చేపల చప్పుడు తెలియలేదంటే, దెయ్యం కథ ఎంతగా చెవుల్లో నిండి ఉందో చూడండి.

"మరి ఐసు కూలీ?" అని అడిగింది జాయ్సీ.

"నేనే అల్లానండీ అమ్మాయిగారూ," అన్నాడు సీమోను. "ఎవరైనా అటు వస్తే నా సంగతి బయటపడుతుందని. వెంకట్రాజు గారితో చెప్పకండి."

"మీరే చెప్పండి. ఈలోగా పడవ తియ్యండి," అంది జాయ్సీ.

సోమరితనం తనకు కాపలాగా ఒక దెయ్యాన్ని పెట్టుకుంది. ఇంతకంటే సిగ్గుచేటు నేను వినలేదు. అయితే సీమోను ఆ రోజే వెళ్ళి చెప్పాడు, తిట్లు తిన్నాడు, పడవ తీశాడు. అది కూడా రాయాలి.

ఆ తర్వాత రోజులు పండగే. చేపలు ఆ చప్పుడు మర్చిపోలేదు. జాయ్సీకి అవే పరీక్షాధికారులు. తపతప వినిపించిందా, చప్పుడు నిలకడగా ఉన్నట్టు. అప్పుడు క్లచ్ వదిలేది... బండి నూనె మీద జారినట్టు కదిలేది. ఆనంద్ పాల్ గట్టు మీద నిలబడి, "బొచ్చెలు పాస్ చేశాయి! శీలావతులు ఇంకా ఆలోచిస్తున్నాయి!" అని కేకలు పెట్టేవాడు.

నెలాఖరు వచ్చింది. ఆ వారంలోనే వెంకట్రాజు గారు చెరువు పట్టేశారు. చేపలన్నీ లారీలెక్కి కైకలూరు వెళ్ళిపోయాయి. నీళ్ళు తోడి చెరువు ఎండగట్టారు. శుక్రవారానికి చెరువు నిండా పగుళ్ళు తేలిన మట్టి, కొంగలు.

జాయ్సీ ఎండిన చెరువు వైపు చూసింది. చేపలు లేకుండా తన చెయ్యి సరిగ్గా ఉందని ఎలా తెలుస్తుంది?

చీకటి పడ్డాక వీరేంద్ర గారు వచ్చారు. రోడ్డు చివర నిలబడ్డారు. ఆనంద్ పాల్ చాలా వెనగ్గా, గేటు దగ్గర, టార్చితో. బండి మధ్యలో, ఫ్యాక్టరీ ముందు.

"ఒక్కటే, జాయ్సీ," అన్నారు వీరేంద్ర గారు.

ఇంజను మోగింది. ఆమె యాక్సిలేటర్ నిలబెట్టింది. నిలబడిందా? పైకి పోతోందా? తెలియడం లేదు. క్లచ్ పట్టే చోటు... ఇదేనా? చెరువు వైపు నుంచి ఏ చప్పుడూ లేదు. ఉండదు కూడా. ఊపిరి బిగబట్టింది. చప్పుడు మెల్లిగా సర్దుకుంది... ఒకే తీరుగా... ఒకే తీరుగా...

తప.

తప. తప.

ఒక్కటే. చేపల్లా వందలు కాదు. ఒక్క మనిషి, బరువు మోస్తూ, మోకాలి లోతు నీళ్ళలో నడిచి వస్తున్నట్టు...

తప. తప. గట్టెక్కినట్టు.

బండి వెనక భాగం కొంచెం కిందికి దిగింది.

చూపు ముందుకి. ఆమె వెనక్కి చూడలేదు. వేళ్ళు మెల్లిగా వదిలాయి. బండి చిన్న కుదుపైనా లేకుండా లేచి, బాణంలా వీరేంద్ర గారి ముందు నుంచి దూసుకుపోయింది.

ఆమె తిరిగి వచ్చేసరికి ఆయన మొహం వెలిగిపోతోంది. "సీటు నీదే! ఇలాంటి లాంచ్ నేను..." అని ఆగిపోయారు. చెరువు వైపు చూశారు. "నీళ్ళు తోడేశారన్నావు కదా. మరి ఆ నడక చప్పుడు ఏమిటి?"

ఆనంద్ పాల్ పరుగున వచ్చాడు. ముగ్గురూ టార్చి వేసి చూశారు. ఎండిన మట్టి. అడుగు జాడ లేదు.

అప్పుడు వెలుగు బండి మీద పడింది.

వెనక సీటు మీద ఐసు గడ్డ. పెద్దది, చతురస్రంగా కోసింది. కరగకుండా పాతరోజుల్లో చల్లేవారే, ఆ ఊక ఒంటి నిండా అంటుకుని ఉంది. చుక్కలు చుక్కలుగా సిమెంటు మీద నీళ్ళు కారుతున్నాయి. ఆ ఫ్యాక్టరీ మూతపడి ఎన్నేళ్ళయిందో ఊళ్ళో ఎవరికీ గుర్తు లేదు.

వీరేంద్ర గారు వేలితో తాకి, చటుక్కున తీసేశారు. చివరికి మెల్లిగా అన్నారు: "అంత లాంచ్‌లో... ఇది జారలేదు."

ఆనంద్ పాల్ మాత్రం వణుకుతూనే చప్పట్లు కొట్టాడు. జాయ్సీ ఫ్యాక్టరీ చీకటి వైపు తిరిగి, చేతులు జోడించి, "చాలా థాంక్సండీ," అంది.

తర్వాత నేను సీమోనుని నిలదీశాను. ఆ రాత్రి అతను కైకలూరులో చేపల లెక్కల దగ్గర ఉన్నాడు. పదిమంది చూశారు. అతని మొహం పాలిపోయింది.

"నీళ్ళలోంచి పైకి వస్తాడనే చెప్పానండీ," అన్నాడు. "ఐసు ఎత్తుతాడని నేనెప్పుడూ చెప్పలేదండీ... ఆ మాట నాకు తట్టనే లేదు."

దెయ్యాలు లేవనే ఇప్పటికీ అంటాను. కాని ఒకవేళ ఆయన ఉంటే మాత్రం, ఆ చెరువు దగ్గర పని ఎగ్గొట్టనివాడు ఆయనొక్కడే.