రెండో ముసుగు

"రేపు పొద్దున్నే ఫ్లైట్. పక్క సీట్లో నీ పెళ్ళాం ఉంటుంది," అన్నాడు చీఫ్.

"నాకింకా పెళ్ళి కాలేదు సార్."

"అయింది. నిన్న మధ్యాహ్నమే. ఆర్డరు మీద నేనే సంతకం పెట్టాను."

ఈ ఏజెంటు అసలు పేరు ఆఫీసులో ఎవరూ వాడరు. సొంత ఇంట్లో కాఫీ కూడా వాసన చూసిగానీ తాగని మనిషి కనక అనుమానప్పక్షి అన్నారు. పిలవడానికి పొడుగైందని చివరికి పక్షి చేశారు.

బ్రీఫింగ్ క్లుప్తంగా ముగిసింది. శత్రువుల సబ్‌మెరీన్లు సముద్రంలో ఎంత లోతున నక్కినా పసిగట్టే విద్య ఒక ప్రొఫెసరమ్మ బుర్రలో ఉంది. ఆవిడను నేవీ హెడ్‌క్వార్టర్స్‌కు చేర్చాలి. విదేశీ ముఠా ఒకటి ఆవిడను ప్రాణాలతో ఎత్తుకుపోవాలని చూస్తోంది. ఎలాగన్నది ఎవరికీ తెలీదు.

"ఎవర్నీ నమ్మకు," అన్నాడు చీఫ్.

"ఆ ముక్క నాకు చెప్పాలా సార్?"

విమానంలో కిటికీ పక్కన ప్రొఫెసరమ్మ, మధ్యలో పక్షి, ఇవతల అతని 'భార్య' కూర్చున్నారు. డిపార్ట్‌మెంటులో వేరే విభాగం నుంచి వచ్చిన ఏజెంటు ఆమె. చూసినవాళ్ళు చూపు తిప్పుకోలేని అందం. ప్రయాణికుల అవసరాలు చూసే స్టూవర్డ్ కూడా మేడమ్ మేడమ్ అంటూ ఆమె చుట్టూనే తిరుగుతున్నాడు. ఆమె "ఏవండీ" అన్నప్పుడల్లా ఇదంతా డ్యూటీ అన్న సంగతి పక్షికి కాసేపు గుర్తుండటం లేదు.

మిగతా లోకాన్ని మాత్రం అతను వదల్లేదు. గురక పెడుతున్న లావుపాటాయన నటిస్తున్నాడేమో అనుకున్నాడు. వెనక సీట్లో పసిబిడ్డ ఏడుపు మరీ పద్ధతిగా ఉందనిపించింది.

"ఏంట్రా ఆ చూపులు? చంటిదాన్ని కూడా సోదా చేస్తావా?" అంది ప్రొఫెసరమ్మ. కాలేజీలో అతనికి ఫిజిక్స్ చెప్పిందీ, రెండుసార్లు ఫెయిల్ చేసిందీ ఆవిడే. అతని అమ్మ చనిపోయిన ఏడాది తన ఇంట్లో ఉంచుకుని అన్నం పెట్టిందీ ఆవిడే. ఈవిడకేమైనా అయితే తను బతికినా ఒకటే, చచ్చినా ఒకటే అనుకున్నాడు పక్షి.

విమానం నేల విడిచింది. చక్రాలు లోపలికి ముడుచుకున్న చప్పుడు ఇంకా చెవుల్లో ఉండగానే సీట్ల కిందినుంచి బూడిదరంగు పొగ లేచింది. చూస్తుండగానే ముందు వరస కనబడకుండా పోయింది.

"పొగ! బాబోయ్, పొగ!" అని ఎవరో కేకపెట్టారు. క్యాబిన్ అంతా ఏడుపులు, దగ్గులు. వెనక్కి తిరిగి ల్యాండవుతున్నాం, బెల్టులు విప్పొద్దని కెప్టెన్ మైకులో చెప్పాడు.

పక్షి ముక్కు మాత్రం తన పని మానలేదు. ఇంత పొగకి కాలిన కంపు లేదేమిటి?

"కళ్ళు కూడా మండట్లేదురా," అంది ప్రొఫెసరమ్మ దగ్గుతూ. "ఇది స్టేజీ మీద వదిలే పొగలా ఉంది."

'భార్య' అప్పటికే లేచి నిలబడింది. "ఏవండీ, అమ్మగారికి స్మోక్ హుడ్ తొడిగేద్దాం!" అంటూ పైఅర తెరిచింది. స్మోక్ హుడ్ అంటే పొగ పీల్చకుండా తలంతా కప్పే ముసుగు. ఆమె చేతులు అరలో తడుముకుంటున్నాయి.

పొగలోంచి స్టూవర్డ్ గొంతు వినిపించింది. "అది కాదే! రెండోది తియ్యి! తొందరగా!"

"కనబడి చావట్లేదండీ! ఆ... దొరికింది!"

పక్షి ఉలిక్కిపడ్డాడు. ఎక్కినప్పటినుంచీ ఆమెను మేడమ్ మేడమ్ అంటూ వంగి వంగి మాట్లాడిన స్టూవర్డేనా వీడు? ముక్కూ మొహం తెలియని మనిషిని 'అది కాదే' అంటాడా? అన్నా ఆమె పడుతుందా? చంటిపిల్లను కూడా అనుమానించినవాడు పక్క సీటును మాత్రం వదిలేశాడు. అతనికి తన మీద తనకే ఒళ్ళు మండింది.

ముసుగు ప్రొఫెసరమ్మ నుదుటిదాకా దిగింది. పక్షి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ముందు నువ్వు తొడుక్కో."

"నాకెందుకండీ? పెద్దావిడకి కదా..."

"నీవి మాత్రం ఊపిరితిత్తులు కావా? తొడుక్కో."

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. అతనికి అది చాలు. ముసుగు లాక్కున్నాడు. స్టూవర్డ్ పొగను చీల్చుకుంటూ వచ్చి మీద పడ్డాడు. పక్షి బెల్టు విప్పకుండానే ఆ ముసుగును వాడి తలకే తగిలించి గట్టిగా పట్టుకున్నాడు. ముసుగు లోపల పూసి ఉంచిన మత్తుమందు రెండుసార్లు పీల్చేసరికే పనిచేసింది. వాడు నడవలో కుప్పకూలాడు.

"కదలకండి," అందామె. చేతిలో లిప్‌స్టిక్ ఉంది. దాని కొసన ఉన్న తుపాకీ గొట్టం ప్రొఫెసరమ్మ వైపు తిరిగింది.

సరిగ్గా అప్పుడే చక్రాలు రన్‌వేను ఢీకొన్నాయి. బెల్టు లేని మనిషి ఎగిరి వెళ్ళి లావుపాటాయన ఒళ్ళో పడింది. తూటా పైకప్పులో దిగింది. పాపం, ఆయన నిజంగానే నిద్రపోతున్నాడు.

కింద ఫైరింజన్ కంటే ముందే ఒక అంబులెన్సు వచ్చి, తలుపులు తెరిచి, సరిగ్గా ఒకే ఒక్క స్ట్రెచరుతో ఎదురుచూస్తోంది. స్పృహ తప్పిన ముసలావిడను దాంట్లో పడుకోబెడితే ఎవరు కాదంటారు? కానీ ప్రొఫెసరమ్మ పక్షి చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. అంబులెన్సు వాళ్ళను పోలీసులు పట్టుకున్నారు.

"అంత గందరగోళంలో ఎలా కనిపెట్టావురా?"

"పరాయి ఆడమనిషిని అలా కసిరేవాడు ఉండడండీ. ఆ విసుగు రావాలంటే అంట్లు ఎవరు తోమాలని ఏళ్ళ తరబడి దెబ్బలాడుకుని ఉండాలి. వాళ్ళిద్దరూ నిజం మొగుడూ పెళ్ళాలు."

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. ఇంటరాగేషన్ అవసరమే రాలేదట. ముఠాకు అమ్ముడుపోయిన ఆ ఏజెంటునీ, ఆమె మొగుణ్ణీ ఒకే వ్యానులో ఎక్కించారట. ఎవరి నోటివల్ల దొరికిపోయామని దారి పొడుగునా పోట్లాడుకుంటూ ముఠా గుట్టంతా వాళ్ళే కక్కేశారట. ఇక చాలమ్మా ఆపండి అన్నా ఆపలేదట.