పన్నెండో పేజీ

"సాఫ్ట్‌వేర్ ఉచితం మాస్టారూ," అన్నాడు చీఫ్. "కోడ్ ఎవరైనా వాడుకోవచ్చు. కానీ స్టాండర్డ్‌కి సరిపోయిందని ముద్ర పడాలంటే కంపాటబిలిటీ టెస్టులు పాసవ్వాలి. స్టాండర్డ్ తయారుచేసిన సంస్థ నుంచి ఆ టెస్టుల లైసెన్సు ఇవాళ పదకొండింటికి ఒక విదేశీ కంపెనీ చేతికి వెళ్తోంది. కంపెనీ పేరుకే. వెనకున్నది ఒక నేరస్తుల ముఠా."

"వెళ్తే?"

"ఆసుపత్రుల్లో గుండె మానిటర్లు నడిచేది ఆ స్టాండర్డ్ మీదే. వాళ్ళకి నచ్చనివాడు జన్మలో పాసవ్వడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు."

మాస్టారు నిట్టూర్చారు. గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. ఒకప్పుడు కదిలే రైళ్ళలోంచి దూకిన మనిషి. ఇప్పుడు మెట్లెక్కాలన్నా మోకాలిని బతిమాలుకోవాలి.

"లోపల మన మనిషి?"

"మారుపేరు నెమలి. వాళ్ళ లైసెన్సు లాయరు. మనకీ కబుర్లు పంపుతుంది, వాళ్ళకీ పంపుతుంది. ఎవరి మనిషో దానికే తెలియాలి."

పదిన్నరకి మాస్టారు ఏసీ మెకానిక్ వేషంలో, భుజాన నిచ్చెనతో సంస్థ సమావేశం గదిలో అడుగుపెట్టారు. నెమలికంఠం రంగు పట్టుచీరలో ఒకామె ఫైళ్ళు సర్దుతోంది. గదిలో సగం చూపులు ఆమె మీదే ఉన్నాయి.

"గ్యాస్ పోయిందా, కంప్రెసర్ పోయిందా?" మాస్టారు కోడ్ వాక్యం పలికారు.

"రెండూ కాదు, ఓపిక పోయింది." జవాబు సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. "ఒప్పందంలో పన్నెండో పేజీ మార్చేశారు. సంస్థ కాగితం మీద నీలం లైట్‌లోనే కనబడే ముద్ర ఉంటుంది. ఆ పేజీకి లేదు."

"మార్చిందెవరు?"

"టైపు చేసింది నేనే."

"మరి నాకెందుకు చెప్తున్నావమ్మా?"

"మా నాన్న మంచం పక్కనున్న మానిటర్ ఒక చిన్న కంపెనీది మాస్టారూ. వీళ్ళు ముందు మూయించేది దాన్నే."

ఆయన ఆమె కళ్ళలోకి చూశారు. అబద్ధాలు విని విని ముదిరిన చెవులకు ఇది నిజంలాగే వినిపించింది.

పదకొండయింది. స్టాండర్డ్ రాసిన పెద్దాయనే సంస్థ అధ్యక్షుడు. ఆయన పెన్ను మూత తీశారు. నిచ్చెన దిగుతుంటే మాస్టారి మోకాలు కలుక్కుమంది. పెన్ను కాగితానికి తగలబోతోంది.

"అయ్యా, ఒక్క నిమిషం!"

"మెకానిక్‌కి ఇక్కడేం పని? గెంటేయండి!" టై కట్టుకున్న విదేశీ ప్రతినిధి లేచాడు.

గ్యాస్ లీకులు పట్టే నీలం టార్చ్ అప్పటికే మాస్టారి చేతిలో వెలిగింది. ఆయన పేజీలు తిప్పారు. మొదటి పదకొండు పేజీల మీదా ముద్ర మెరిసింది. పన్నెండోది బోసిగా ఉంది.

పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని పైకి చదివారు. "ఇచ్చిన పాస్‌ను లైసెన్సుదారు ఎప్పుడైనా, కారణం చెప్పకుండా రద్దు చేయవచ్చు." ఆయన పెన్నుకి మూత పెట్టేశారు. "నేను ఒప్పుకున్నది ఇది కాదే!"

టై మనిషి తలుపు దాకా కూడా వెళ్ళలేకపోయాడు. బయట చీఫ్ మనుషులు కాచుకుని ఉన్నారు. ఆ సందడిలో నెమలి ఎటు ఎగిరిపోయిందో ఎవరూ చూడలేదు. మాస్టారు చూశారు, కానీ చెప్పలేదు.

"ఇకమీదట టెస్టులు కూడా కోడ్‌తో పాటే అందరివీ," అన్నారు పెద్దాయన.

సాయంత్రం మాస్టారు రెండు వేళ్ళతో రిపోర్టంతా టైపు చేసి పంపారు. ఆఫీసు కంప్యూటర్ దాన్ని క్షణంలో తిప్పికొట్టింది: "ఈ ఫైలు మన సిస్టమ్‌కు సరిపోదు."