పెళ్ళిచూపుల గుర్రం

ఐర్లండ్‌లో, కిల్డేర్‌లోని ఆ గుర్రాల ఫారంలో పశువైద్యుడు గడ్డిమోపుల మధ్య గొంతు తెగి పడి ఉన్నాడు. డెక్కలు చెక్కే కత్తి ఇంకా మెడలోనే ఉంది. నెత్తురు తూముదాకా దారి చేసుకుంది.

ఫింటన్ గెరటీ శవం కళ్ళు మూశాడు. పైకి పందేలు మానేసి ఫారంలో పనికి చేరిన జాకీ, లోపల రహస్య విభాగం ఏజెంట్. టోపీ అంచులో కుట్టిన వైర్‌లెస్‌లోంచి చీఫ్ గొంతు గరగరలాడింది.

"ఫ్రాన్స్‌లో ఛాంపియన్ గుర్రానికి విషం పెట్టారు. అమెరికాలో ఇంకోదాన్ని కొట్టంతో సహా తగలబెట్టారు. లోకంలోని ఆడగుర్రాలన్నీ జతకి తమ మగగుర్రం దగ్గరికే రావాలని ఆ ముఠా పన్నాగం. ఇక మిగిలింది మీ కార్మాక్."

"నేనుండగా దాన్ని తాకలేరు సార్."

కార్మాక్ అంటే అతనికి డ్యూటీ కాదు, ప్రాణం. దాని మీదే డెర్బీ గెలిచాడు. తర్వాతి పందెంలో తాను కిందపడితే, అది వెనక్కి తిరిగి వచ్చి అతణ్ణి నాలుగు కాళ్ళ మధ్య దాచుకుని నిలబడింది. మిగతా గుర్రాలన్నీ పక్కనుంచి పిడుగుల్లా పోయాయి. దాని పిల్లలు ఇప్పుడిప్పుడే పుడుతున్నాయి. ఇప్పుడది పోతే ఆ వంశాన్ని మొగ్గలో తుంచినట్టే.

తెల్లకోటు, ముత్యాల పోగులు, మత్తు కళ్ళతో మేడం జ్డెంకా కారు దిగింది. ముఠా నుంచి విడిపోయి మనవైపు వచ్చానని చెప్పుకున్న మనిషి. గుర్రాల ఆసామి వేషానికి తగ్గట్టు ఒక ఆడగుర్రాన్ని కూడా కొని, కార్మాక్‌తో జత కట్టించడానికి ఇద్దరు పనివాళ్ళతో లారీలో ముందే పంపింది.

"నేల మెత్తగా ఉందా?" అంది. అది కోడ్.

"వాన పడ్డంత మేర."

"హంతకుడు నా లారీ డ్రైవర్. పట్టుకో."

ఫింటన్ గేటు దగ్గర ఆగి ఉన్న లారీ వైపు పరుగెత్తాడు. డ్రైవర్ నుదుట తూటా రంధ్రం. చచ్చినవాడు ఇక కార్మాక్‌ని ఎలా చంపుతాడు? అంటే లారీలో వచ్చిన ఆ ఇద్దరు పనివాళ్ళలోనే ఉన్నాడు మృత్యువు.

ఫింటన్ వెనక్కొచ్చి, ఫారం పెద్ద మలాకీ చెవిలో గుసగుసలాడాడు. "పెద్దాయనా, టోబీకి కార్మాక్ దుప్పటి కప్పు."

"ఆ గాడిద మొహానికి పట్టుబట్టలా? మతి పోయిందేంట్రా?"

ఆడగుర్రం ఇష్టపడక తంతే ఛాంపియన్ కాలు విరుగుతుంది. అందుకే ముందు ఓ మామూలు గుర్రాన్ని చూపిస్తారు; ఇక్కడ అది టోబీ. ఆడగుర్రం మెత్తబడ్డాక ఆ మామూలుదాన్ని తోలేసి అసలుదాన్ని తెస్తారు. పెళ్ళిచూపులు ఒకడికి, పెళ్ళి ఇంకొకడికి. టోబీ బతుకంతా చూపులతోనే గడిచిపోయింది పాపం.

"గుర్రాలతో బతికినవాడు మొదట వచ్చినదాన్ని పట్టించుకోడు," అన్నాడు ఫింటన్. "వీళ్ళకి మన ఆచారం తెలీదు."

టోబీ జరీ దుప్పటిలో పెళ్ళికొడుకులా సకిలిస్తూ షెడ్డులోకి వచ్చింది. ఆ ఇద్దరిలో పొడుగువాడు, ఆడగుర్రం కదలకుండా కర్రకి కట్టిన తాడు దాని పెదవికి బిగించి పట్టుకున్నవాడు, ఆ కర్ర ఇటు తిప్పాడు. కర్ర రెండో కొసలోంచి విషపు సూది దూసుకొచ్చి, దూది కూరిన ఆ మందపు దుప్పట్లో దిగబడింది.

ఫింటన్ పగ్గం వదిలేసి వాడి మీదికి దూకాడు. వాడు దూసిన కత్తి అతని పక్కటెముకల మీద గీసుకుపోయింది. వాడి మణికట్టు పుటుక్కున విరిచాడు. వాడు తూలి ఆడగుర్రం వెనక పడ్డాడు. ఒక్క తన్ను. తల కొబ్బరికాయలా పగిలింది.

రెండోవాడి పిస్తోలు పేలి మలాకీ చెవి ఎగిరిపోయింది. "ఎలాగూ వినపడని చెవేరా, సన్నాసీ!" అంటూ ముసలాయన పార తిప్పి వాడి దవడ బద్దలు కొట్టాడు.

గొడవకి పక్క గదిలోంచి అసలు కార్మాక్ అరతలుపు మీదుగా తల బయటపెట్టింది. జ్డెంకా కోటులోంచి పిస్తోలు తీసి దాని నుదుటికి గురిపెట్టింది.

"డ్రైవర్‌ని మీరే చంపారు కదూ మేడం?"

"వాడికి వాగుడెక్కువ. తప్పుకో."

"ఆ రోజు అది తప్పుకోలేదు," అని ఫింటన్ అడ్డంగా దూకాడు. తూటా భుజంలోంచి దూసుకుపోయింది. పడుతూనే ఆమె చెయ్యి పైకి లేపాడు. రెండోది కప్పు చీల్చింది. పిస్తోలు లాక్కుని ఆమెని నేలకి అదిమాడు. పోగుల్లోంచి ఊడిన ముత్యాలు నెత్తుట్లో దొర్లాయి. కార్మాక్ ఒక చెవి ఆడించి, మళ్ళీ గడ్డి అందుకుంది.

"ఒరేయ్, అటు చూడు!" మలాకీ కేక.

పగ్గం పట్టేవాడు లేని టోబీ ఊరికే ఉండలేదు. ఆడగుర్రం కూడా అభ్యంతరం చెప్పినట్టు లేదు.

"దుప్పటి కప్పింది నువ్వే," అన్నాడు మలాకీ. "నిజంగానే పెళ్ళికొడుకుననుకుంది."

టోపీలో చీఫ్ గొంతు. "ఏజెంట్! నష్టమేమైనా ఉందా?"

"పెద్దగా ఏం లేదు సార్," అన్నాడు ఫింటన్. "మేడంగారు మనతో వియ్యమందారు, అంతే."